ఆవిరి రైలుకారు నమూనాను ఇంట్లో కట్టుకొనే పద్ధతి

నమూనా రైళ్ళ మీద మక్కువ ఉన్నవారు సాధారణంగా తొలి ప్రయత్నంలోనే పెద్ద ఆవిరి ఇంజన్ కట్టాలని కూర్చుంటారు. కడ్డీలు, సిలిండర్లు, బొగ్గుబండి, వెనుక పెట్టెలు అన్నీ ఒకేసారి మీదపడి, ఆరు నెలలు గడిచేసరికి పని అటకెక్కుతుంది. అలాంటివారికి నేను ఆవిరి రైలుకారును సూచిస్తాను. బాయిలరు, ఇంజను, ప్రయాణికులు కూర్చొనే పెట్టె మొత్తం ఒకే చట్రం మీద అమరిన బండి అది. ఒక్క బండి కడితే ఒక పూర్తి రైలు కట్టినట్టే.

అసలు బండి సంగతి కొంత తెలిస్తే నమూనాలో ఏది ఎక్కడ ఎందుకు ఉండాలో సులభంగా అర్థమవుతుంది. ఇంగ్లండులోని గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1903 అక్టోబరు 12న గ్లాస్టర్‌షైర్‌లో స్టోన్‌హౌస్, చాల్‌ఫర్డ్ ఊళ్ళ మధ్య ఈ రైలుకార్లను మొదలుపెట్టి, 1908 నాటికి మొత్తం 99 బళ్ళు తయారుచేసింది. ప్రయాణికులు తక్కువగా ఉండే చిన్న మార్గాల్లో పెద్ద ఇంజన్ నడిపే ఖర్చు తప్పించడం, ప్లాట్‌ఫారం కూడా లేని చిన్న చిన్న హాల్టుల్లో ఆగి జనాన్ని ఎక్కించుకోవడం వాటి ప్రయోజనాలు. పెట్టె ఒక చివర చిన్న గదిలో నిలువు బాయిలరు ఉంటుంది; దాని కింద నాలుగు చక్రాల ఇంజను. డ్రైవరు ఏ చివర నుంచైనా బండి నడపగలడు. ఫైర్‌మన్ మాత్రం బాయిలరు దగ్గరే ఉంటాడు. అయితే రద్దీ పెరిగినప్పుడు మరో పెట్టె తగిలిస్తే లాగే శక్తి చాలేది కాదు, ఇంజనుకు మరమ్మతు వస్తే పెట్టె కూడా మసిపట్టిన షెడ్డులోకి పోవలసి వచ్చేది. అందుకే 1930ల మధ్యకల్లా ఆ రైలుకార్లన్నీ సేవ నుంచి తప్పుకొన్నాయి; చాలావాటిని ఇంజను తీసేసి, వేరే ఇంజనుతో నడిచే పెట్టెలుగా మార్చారు. 1908లో తయారై, 1934లో అలా మారిన 93వ నంబరు కారుకు ఇంగ్లండులోని డిడ్‌కాట్ రైల్వే సెంటర్ వారు తిరిగి ఇంజను అమర్పించి 2011లో మళ్ళీ ఆవిరితో నడిపించారు. ఆ బండి ఇప్పటికీ ఉంది కనుక ఫోటోలు, కొలతలు దొరుకుతాయి. అందుకే ఈ వివరణ అంతా ఆ 93వ నంబరును దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను.

ప్రకాశం జిల్లా దొనకొండలో మీటర్ గేజ్ కాలంలో ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉండేది. ఆ పొగ, ఆ వేడి నూనె వాసన ఎరిగిన తరం మా వైపు ఇంకా ఉంది. వారి ముందు నమూనా బండి పెట్టినప్పుడు మొదట చూసేది రంగు కాదు, నడక. బండి బయలుదేరేటప్పుడు కుదుపు లేకుండా కదిలిందా, ఆగేటప్పుడు మెల్లగా ఆగిందా అని చూస్తారు. నేను కూడా ఆ క్రమంలోనే చెబుతాను: ముందు చక్రాలు, చట్రం; అవి సంతృప్తిగా నడిచిన తర్వాతే పెట్టె.

కొలతలు

అడుగుకు 4 మిల్లీమీటర్ల స్కేలు, అంటే సుమారు 1:76, ఈ బండికి అనువైనది. దీన్నే ఓఓ స్కేలు అంటారు. అసలు బండి పొడవు 70 అడుగులు కాబట్టి నమూనా 280 మి.మీ. వస్తుంది. ఇంజను చక్రం వ్యాసం 4 అడుగులు, అంటే 16 మి.మీ.; ఇంజను కింది రెండు ఇరుసుల మధ్య దూరం 8 అడుగులు, అంటే 32 మి.మీ.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఓఓ పట్టాల మధ్య వెడల్పు 16.5 మి.మీ. అయితే, ఇంగ్లండు పట్టాల అసలు వెడల్పు 1435 మి.మీ.ను ఈ స్కేలులో లెక్క కడితే 18.83 మి.మీ. రావాలి. అంటే మన పట్టాలు ఉండవలసిన దానికన్నా ఇరుకు. ఎదురుగా చూసినప్పుడు ఈ తేడా తెలుస్తుంది, పక్క నుంచి చూస్తే తెలియదు. తొలి బండికి ఈ లోపాన్ని భరించమనే నా సలహా, ఎందుకంటే 16.5 మి.మీ. పట్టాలు, చక్రాలు సిద్ధంగా దొరుకుతాయి. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ.కు ఇదే స్కేలులో 22 మి.మీ. పట్టాలు కావాలి, అవి చేత్తో వేసుకోవలసిందే. మీటర్ గేజ్ మీద మోజు ఉన్నవారు 1:87 స్కేలులో 12 మి.మీ. పట్టాలు వాడవచ్చు, మీటరుకు అక్కడ 11.5 మి.మీ. కావాలి కనుక తేడా కంటికి ఆనదు. దొనకొండ మార్గంలో ఇలాంటి కారు ఒకటి తిరిగి ఉంటే ఎలా ఉండేదో ఊహించి కట్టడం కూడా ముచ్చటైన పనే.

మలుపుల విషయం ముందే తేల్చుకోవాలి. పొడవైన పెట్టె మలుపు తిరిగేటప్పుడు దాని మధ్యభాగం లోపలివైపుకు జరుగుతుంది. పెట్టె కింద చక్రాలను మోస్తూ తిరిగే చిన్న బండ్ల, అంటే బోగీల, రెండు కీలుల మధ్య దూరాన్ని దానితోనే గుణించి, మలుపు వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే ఆ జరుగుడు వస్తుంది. కీలుల మధ్య 200 మి.మీ. ఉంటే, 438 మి.మీ. వ్యాసార్ధపు మలుపులో అది 11 మి.మీ.కు మించుతుంది, 610 మి.మీ. మలుపులో 8 మి.మీ. పక్క పట్టాల మీది బండికి, ప్లాట్‌ఫారం అంచుకు తగలకుండా ఉండాలంటే 610కి తగ్గకుండా మలుపులు వేసుకోవాలి. చోటు లేనివారు పొట్టి రైలుకారును ఎంచుకోవడం మేలు.

మరొక మాట. వాడుకలో మనం రైలుపెట్టెనే బోగీ అంటాం. ఈ వ్యాసంలో బోగీ అంటే పెట్టె కింద కీలు మీద తిరుగుతూ చక్రాలను మోసే చిన్న బండి అని గ్రహించాలి.

చదరపు గీతల గ్రాఫ్ కాగితం మీద పక్క చూపు, పై చూపు, ఎదురు చూపు మూడూ నిజ పరిమాణంలో, అంటే నమూనా ఎంత ఉండబోతోందో అంత, గీసుకోండి. ఆ కాగితాన్ని ప్లైవుడ్ ముక్క మీద అతికించి, తయారైన ప్రతి భాగాన్నీ దాని మీద పెట్టి సరిచూడండి. ఈ పనికి పట్టే రెండు సాయంత్రాలు ముందు ముందు రెండు వారాలు మిగులుస్తాయి.

ఇంజను బోగీ

పని అంతటిలోకీ శ్రద్ధ కావలసింది ఇక్కడే. బోగీ పక్కలకు 0.8 మి.మీ. మందం ఇత్తడి రేకు తీసుకోండి. రెండు పక్కలకూ సరిపడే రెండు ముక్కలను ఒకదాని మీద ఒకటి పెట్టి, మూలల్లో టంకం చుక్కలు వేసి అతికిన తర్వాతే గీతలు గీయాలి, కోయాలి, బెజ్జాలు వేయాలి. అప్పుడు రెండు పక్కలూ అచ్చంగా ఒకే రకంగా వస్తాయి. కోయడానికి కంసాలులు వాడే సన్నటి రంపపు ఆకు, అంచులు సరిచేయడానికి సన్న ఆకురాయి చాలు. ఈ రెండూ నెల్లూరులోనూ ఒంగోలులోనూ కంసాలి పనిముట్లు అమ్మే కొట్లలో దొరుకుతాయి. రంపపు పళ్ళు కిందికి చూసేలా బిగించి, కిందికి లాగేటప్పుడే కోయాలి. పైకి తోసేటప్పుడు బలం వేస్తే ఆకు తెగిపోతుంది.

ఈ బండి ఇంజనుకు రెండు ఇరుసులనూ కలిపే కడ్డీ బయట ఉంటుంది. ఆ కడ్డీ రెండు బెజ్జాల మధ్య దూరం, ఇరుసుల మధ్య దూరం వెంట్రుకవాసి తేడా లేకుండా సమానంగా ఉండాలి. లేకపోతే చక్రం తిరిగే ప్రతి చుట్టులో రెండుసార్లు బండి బిగుసుకుంటుంది. కొలిచి వేయడం కన్నా ఒకదానితో మరొకటి వేయడం ఉత్తమం: ముందు కడ్డీలను తయారుచేసి వాటికి బెజ్జాలు వేసుకోండి, తర్వాత ఆ కడ్డీనే అచ్చుగా పెట్టి, అదే డ్రిల్లుతో బోగీ పక్కలకు ఇరుసు బెజ్జాలు మొదలుపెట్టండి. ఆ తర్వాత ఇరుసు మందానికి తగ్గట్టు వాటిని పెద్దవి చేసుకోవచ్చు. కొలతలో చిన్న పొరపాటు ఉన్నా రెండింటిలోనూ అదే పొరపాటు ఉంటుంది కనుక నడకకు ఆటంకం రాదు.

పక్కలను విడదీసి, మధ్యలో 12 మి.మీ. వెడల్పు ఇత్తడి దిమ్మెలు పెట్టి టంకం వేయండి. ఓఓ చక్రాల లోపలి ముఖాల మధ్య 14.5 మి.మీ. ఉంటుంది కాబట్టి ఈ చట్రం వాటి మధ్య ఇమిడి, ఇరువైపులా కొంచెం ఆటకు చోటు మిగులుతుంది. టంకం పట్టడానికి యాసిడ్ ఫ్లక్స్ పూసినట్లయితే వెంటనే సబ్బునీళ్ళతో, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగాలి. సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళలో ఆ ఫ్లక్స్ వారం రోజుల్లో ఇత్తడిని పచ్చగా చిలుము పట్టిస్తుంది.

చక్రాలు బిగించేటప్పుడు ఒక పక్క చక్రానికి కడ్డీ తగిలే మేకు పైన ఉంటే, రెండో పక్క మేకు దానికి 90 డిగ్రీల దూరంలో ఉండాలి. రెండు ఇరుసులకూ ఈ కోణం ఒకేలా ఉండటం ముఖ్యం. అది సరిగ్గా 90 కాకుండా 89 అయినా పరవాలేదు గాని, ఒక ఇరుసుకు 89, మరొక ఇరుసుకు 91 అయితే బండి నడవదు. చక్రపు ఆకుల సందుల్లోంచి ఇటు నుంచి అటు చూస్తే ఆవలి చక్రం ఆకులు ఎలా కనిపిస్తున్నాయో రెండు ఇరుసులకూ పోల్చి సరిచేయవచ్చు. నమూనా మోటారుకు కరెంటు రెండు పట్టాల నుంచే వస్తుంది; ఆకులు ప్లాస్టిక్‌తో చేసిన చక్రాలైతే ఒక పట్టా కరెంటు మరో పట్టాకు పోకుండా వాటంతట అవే అడ్డుకుంటాయి. కొత్తవారికి అవే మంచివి.

మోటారు విషయంలో ఈ బండి మనకు గొప్ప సౌకర్యం ఇస్తుంది. అసలు బండిలో నిలువు బాయిలరు ఉన్న గదిలోనే మోటారును నిలువుగా నిలబెట్టవచ్చు. రోబోటిక్స్ సామాను అమ్మే కొట్లలో దొరికే 12 వోల్టుల ఎన్-20 గేర్ మోటారు అడ్డుకొలత 12, 10 మి.మీ.లు మాత్రమే. దాని షాఫ్టు కిందికి ఉండేలా నిలబెట్టి, తిరుగుడును లంబకోణంలో మళ్ళించే ఒక జత సమానమైన బెవెల్ పళ్ళచక్రాలతో ఒక ఇరుసును తిప్పితే, కలిపే కడ్డీలు రెండో ఇరుసును తిప్పుతాయి. ఎన్ని చుట్ల మోటారు కొనాలన్నది లెక్క వేసి చూద్దాం. 16 మి.మీ. చక్రం ఒక చుట్టుకు సుమారు 50 మి.మీ. ముందుకు పోతుంది. నిమిషానికి 200 చుట్లు తిరిగితే సెకనుకు 167 మి.మీ.; దాన్ని 76తో హెచ్చిస్తే అసలు బండి వేగంలో గంటకు 46 కిలోమీటర్లు. హాల్టు హాల్టుకూ ఆగే బండికి ఇంతకన్నా వేగం అక్కర్లేదు. 300 చుట్ల మోటారు గంటకు 69 కిలోమీటర్లు చూపిస్తుంది, కాని నెమ్మదిగా కదిలించడం కష్టమవుతుంది. అందువల్ల 200 చుట్లదే తీసుకోండి.

మోటారు బోగీతోపాటు తిరుగుతుంది కనుక పెట్టె నేలలో దానికి తగిన రంధ్రం వదలాలి. 610 మి.మీ. మలుపులో బోగీ సుమారు 9 డిగ్రీలు తిరుగుతుంది. మోటారుకు ఇరువైపులా 4 మి.మీ. చొప్పున ఖాళీ ఉంటే సరిపోతుంది.

చక్రాల నుంచి మోటారుకు కరెంటు తీసుకొనే సన్నటి రేకు ముక్కల, అంటే పత్తీల గురించి అశ్రద్ధ చేయవద్దు. రెండు బోగీల ఎనిమిది చక్రాల నుంచీ కరెంటు రావాలి. పాత రిలేలలో ఉండే సన్నటి స్ప్రింగు పత్తీలు ఇందుకు చక్కగా పనికివస్తాయి. టీవీ, స్టెబిలైజరు బాగుచేసేవారిని అడిగితే ఇస్తారు. పత్తీ చక్రం వెనుక ముఖాన్ని తాకీ తాకనట్టు ఒరుసుకోవాలి. గట్టిగా నొక్కితే అదే బ్రేకు అవుతుంది.

వెనుక బోగీ కీలు అన్ని వైపులకూ ఊగేలా వదులుగా ఉండాలి. ఇంజను బోగీ ముందుకీ వెనక్కీ మాత్రమే ఊగాలి, పక్కలకు ఒరగకూడదు. అప్పుడు బండి మూడు కాళ్ళ పీటలా ఎగుడుదిగుడు పట్టాల మీద కూడా నాలుగు మూలలా ఆనుకొని ఉంటుంది.

బరువు కోసం వలలకు కట్టే సీసపు గుళ్ళు వాడండి. కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్ళలో వల సామాను అమ్మే చోట ఇవి దొరుకుతాయి. బరువులో సగానికి పైగా ఇంజను బోగీ మీదే పడేలా మోటారు చుట్టూ పేర్చాలి. వాటిని తెల్ల ఫెవికాల్‌తో ఎప్పుడూ అతికించవద్దు: ఆ జిగురుతో సీసం మెల్లగా రసాయన మార్పుకు లోనై, కొన్నేళ్ళకు ఉబ్బి పెట్టెనే పగలగొడుతుంది. ఎపాక్సీ జిగురు వాడాలి. సీసం పట్టుకున్న చేతులను భోజనానికి ముందు శుభ్రంగా కడుక్కోవాలి, పిల్లలకు అందనివ్వకూడదు.

ఇప్పుడు పెట్టె లేకుండా, రెండు బోగీల మీద చదునైన ప్లైవుడ్ ముక్కనే నేలగా అమర్చి దాని మీద బరువు పెట్టి, బండిని రెండు వైపులకూ అరగంట చొప్పున నడపండి. అతి నెమ్మదిగా కూడా నడపాలి. ఎక్కడైనా తడబడితే కడ్డీ బెజ్జాన్ని సన్నటి గుండ్రటి ఆకురాయితో ఒక్క రవ్వ పెంచి చూడండి. ఇది తేలకుండా పెట్టె పని మొదలుపెట్టవద్దని మరోసారి మనవి చేస్తున్నాను.

పెట్టె

పక్కలకు అర మిల్లీమీటరు పాలిస్టైరీన్ షీటు ఉత్తమం. ఫ్లెక్స్ బోర్డులు చేసేవారి దగ్గర దొరికే నురగ షీటు చవకే గాని, కిటికీల సన్న అంచులు దానిలో చిరిగినట్టు వస్తాయి. షీటు దొరకనివారు మందమైన ఐవరీ కార్డును కోసి, వడ్రంగులు వాడే లక్క పాలిష్ రెండు వైపులా పట్టిస్తే అది గట్టిపడి ప్లాస్టిక్‌లా పనికివస్తుంది. ఒక్క వైపే పట్టిస్తే వంగిపోతుంది.

కిటికీలన్నిటినీ ముందు గీసి, మూలల్లో చిన్న బెజ్జాలు వేసి, ఆ తర్వాతే అంచులు కోయాలి. కత్తి మూల దాటి పోకుండా బెజ్జం ఆపుతుంది. ఈ కారు పక్కల మీద పలకలను విడదీసే సన్నని చెక్క బద్దెలు ఉంటాయి. పావు మిల్లీమీటరు షీటులో ఆ బద్దెల చట్రాన్ని విడిగా కోసి పక్కల మీద పొరగా అతికించాలి. ఓపిక చాలదనుకొనేవారికి తొలినాటి రైలుకార్లు అనుకూలం: వాటికి నిలువు పలకల పక్కలు, కనుక షీటు మీద మిల్లీమీటరు ఎడంతో నిలువు గీతలు గీస్తే చాలు. ఇంకా సులువు కావాలంటే 1920లలో ష్రూస్‌బరీకి చెందిన సెంటినెల్ కంపెనీ తయారుచేసిన రైలుకార్లను చూడండి. వాటి చక్రాల మీద బయటికి కడ్డీలే కనిపించవు.

పొరలు అతికేటప్పుడు, షీటుకు జిగురుగా వాడే ద్రావకం మధ్యలో చిక్కుకుంటే, ఎండాకాలంలో అది బయటికి రాలేక షీటును వంచేస్తుంది. లోపలి పొరకు అక్కడక్కడ చిన్న బెజ్జాలు వేసి ఉంచాలి. ఒకసారి రోహిణి కార్తెలో, అతికించిన రెండు పక్కలను కిటికీ దగ్గర ఎండ పడేచోట మరచిపోయాను. సాయంత్రానికి అవి అరటిదొప్పల్లా వంగిపోయి కనిపించాయి. మళ్ళీ మొదటి నుంచి కోయవలసి వచ్చింది. అతికిన భాగాలను చదునైన అద్దం మీద పెట్టి, పైన పుస్తకాల బరువు ఉంచి, నీడపట్టున రెండు రోజులు వదిలేయండి. ద్రావకంతో పనిచేసేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచడం, దగ్గరలో దీపం గానీ పొయ్యి గానీ లేకుండా చూసుకోవడం తప్పనిసరి.

పైకప్పు వంపు చాలామందిని ఇబ్బంది పెడుతుంది. రొయ్యల చెరువులకు, బోరుబావులకు వేసే పీవీసీ పైపు ముక్కలు మా జిల్లాలో ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. 75 మి.మీ. పైపును పొడవునా 36 మి.మీ. వెడల్పు చీలికగా కోస్తే, మధ్యలో సుమారు 4.6 మి.మీ. ఎత్తు వంపు వస్తుంది. మీ డ్రాయింగులోని ఎదురు చూపు మీద పెట్టి చూసి, వంపు ఎక్కువ కావాలంటే 63, తక్కువ కావాలంటే 90 మి.మీ. పైపు తీసుకోండి. అంచుల మందాన్ని ఉప్పు కాగితంతో బయటి నుంచి కాకుండా లోపలి నుంచి అరగదీయాలి. కప్పును జిగురుతో అతికించకుండా రెండు మరలతో బిగిస్తే మోటారును ఎప్పుడైనా బయటికి తీయవచ్చు. పొగగొట్టం బాయిలరు గది మీదుగా కప్పులోంచి పైకి వస్తుంది. పాత బాల్‌పెన్ను ఇత్తడి ముక్క దానికి సరిపోతుంది.

లోపలి బల్లలకు ఉదయగిరి చెక్క చెంచాలు చెక్కేవారి దగ్గర మిగిలే సన్నటి పేళ్ళు వాడండి. నర్ది, దేవదారి వంటి ఆ చెక్కలకు నార సన్నగా ఉంటుంది. ఇంత చిన్న పరిమాణంలో కూడా బల్ల చెక్కబల్లలాగే కనిపిస్తుంది. ఆ పనివాళ్ళు ఉలి పట్టే తీరును ఒక పూట కూర్చొని చూసినా మన చేతికి కొంత అలవడుతుంది.

కిటికీల అద్దాలకు పారదర్శకమైన ఓహెచ్‌పీ షీటు చాలు. దీన్ని మాత్రం తెల్ల జిగురుతోనే అతికించాలి. ఫెవిక్విక్ లాంటి జిగురు ఆవిరులు అద్దం మీద తెల్లటి పొరలా పడతాయి, గాలిలో తేమ ఉన్న రోజుల్లో అది మరీ ఎక్కువ.

రంగు

పెట్టెను సబ్బునీళ్ళతో కడిగి, ఆరిన తర్వాత చేతివేళ్ళు తగలకుండా పట్టుకొని, బూడిదరంగు ప్రైమరు పలచగా కొట్టాలి. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, స్ప్రే పని పెట్టుకోవద్దు. తేమకు రంగు పాలిపోయి తెల్లబారుతుంది. జనవరి, ఫిబ్రవరి ఉదయాలు మనకు మంచి కాలం.

ఏ సంవత్సరపు బండిని చూపిస్తున్నారో ముందే నిర్ణయించుకోండి. గ్రేట్ వెస్టర్న్ పెట్టెలు 1908 నుంచి 1912 దాకా పూర్తిగా ముదురు గోధుమరంగులో, 1912 నుంచి 1922 దాకా ముదురు ఎరుపులో ఉండేవి. 1922 తర్వాత కింద గోధుమ, పైన మీగడ రంగు వచ్చాయి. రెండు రంగులు వేసేవారు ముందు మీగడ రంగు వేసి, పూర్తిగా ఆరాక దాని మీద టేపు అతికించి, తర్వాత గోధుమరంగు వేయాలి. ముదురు రంగు మీద లేత రంగు కప్పాలంటే మందంగా వేయవలసి వస్తుంది, అప్పుడు బద్దెలన్నీ పూడిపోతాయి. బంగారు గీతలకు రూలింగ్ పెన్ను వాడండి. చేయి వణికేవారు గీతను ఒకే ఊపులో లాగడం పాత షీటు మీద వందసార్లు సాధన చేయాలి.

బాయిలరు గదిలో చిన్న నారింజరంగు ఎల్ఈడీ ఒకటి పెడితే రాత్రి నడిపేటప్పుడు పొయ్యి వెలుగులా కనిపిస్తుంది. దానికి తగిన రెసిస్టరు వేయడం మరవవద్దు.

పట్టాలు కొనేటప్పుడు ఇనుపవి వద్దు. కావలి నుంచి చీరాల దాకా తీరం పొడవునా గాలిలో ఉప్పు ఉంటుంది, నెలలో తుప్పు పడతాయి. నికెల్ సిల్వర్ పట్టాలు, అంటే మనం జర్మన్ సిల్వర్ అని పిలిచే లోహపువి, మన్నుతాయి. వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి, చక్రాలను కూడా అలాగే శుభ్రం చేసిన తర్వాతే బండిని పెట్టండి. తుపాను రోజుల్లో బండిని సిలికా జెల్ పొట్లాలతో కలిపి మూత గట్టిగా ఉన్న డబ్బాలో భద్రపరచండి. తిరిగి బయటికి తీసినప్పుడు కరెంటు ఇచ్చే ముందు కడ్డీ మేకులకు, ఇరుసులకు సూదిమొనతో ఒక్కొక్క చుక్క కుట్టుమిషను నూనె పెట్టి, మొదటి ఐదు నిమిషాలు సగం వోల్టేజీతో మాత్రమే నడపండి.